రెండో పార్శిల్ ఎందుకు వెళ్లలేదో అడగండి: ఎగుమతుల అధికారులకు ఒక లేసు అల్లికల మహిళ బహిరంగ లేఖ

విదేశీ వాణిజ్యం, పరిశ్రమలు, హస్తకళలు చూసే కేంద్ర, రాష్ట్ర అధికారులకు, ఎగుమతి ప్రోత్సాహక మండళ్ల పెద్దలకు, బ్యాంకు మేనేజర్లకు, మా ప్రాంతంలో ఏళ్ల తరబడి ఎగుమతులు చేస్తున్న వ్యాపారులకు,

నమస్కారం.

మాది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం దగ్గర ఒక పల్లెటూరు. మా అమ్మమ్మ లేసు అల్లింది, మా అమ్మ అల్లింది, నేనూ అల్లుతున్నాను. చాలా ఏళ్లు ఏజెంటు ఇచ్చిన దారం తీసుకుని, చెప్పిన డిజైన్ అల్లి, చేతిలో పెట్టినంత తీసుకున్నాం. 2021లో ధైర్యం చేసి మా ఇంటి ముందు గదిలోనే చిన్న యూనిట్ పెట్టాను. ఇప్పుడు 28 మంది ఆడవాళ్లు నాతో పనిచేస్తున్నారు. 2023లో సొంతంగా విదేశానికి సరుకు పంపాను. ఒకే ఒక్కసారి. ఆ తర్వాత మళ్లీ పంపలేదు.

ఎందుకు పంపలేకపోయానో చెప్పుకుందామని మూడు ఉత్తరాలు రాశాను. రెండుసార్లు పని మానుకుని, బస్సెక్కి వెళ్లి కలిశాను. ఒకచోట "అన్నీ వెబ్‌సైట్‌లో ఉన్నాయి కదమ్మా" అన్నారు. ఇంకోచోట "వచ్చే సదస్సుకి రండి, అక్కడ అడగండి" అన్నారు. మూడో ఉత్తరానికి జవాబే లేదు. ఆ కార్యాలయాల పేర్లు, అక్కడివాళ్ల పేర్లు ఇక్కడ రాయను. ఇలాంటి అనుభవమే మా చుట్టుపక్కల చాలామందికి ఉంది కాబట్టి అందరి ముందూ చెబుతున్నాను.

పథకాలు లేవని నేను అనడం లేదు. కొత్తగా ఎగుమతుల్లోకి వచ్చేవాళ్లకు చెయ్యి పట్టుకుని దారి చూపడానికే కేంద్రం 2011లో నిర్యాత్ బంధు, అంటే ఎగుమతుల బంధువు, అనే పథకం ప్రకటించింది. 2023 విదేశీ వాణిజ్య విధానంలో కూడా ఆ మాట ఉంది. ప్రతి జిల్లానూ ఎగుమతుల కేంద్రంగా చేస్తామని 2019 నుంచి వింటున్నాం. అందుకోసం జిల్లాల్లో కమిటీలు కూడా వేశారు. 2024 సెప్టెంబరులో ట్రేడ్ కనెక్ట్ అనే ఆన్‌లైన్ వేదిక వచ్చింది. 2025 నవంబరులో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కు 25,060 కోట్ల రూపాయలతో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మా నరసాపురం లేసుకు 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అన్నీ మంచి పనులే. వాటికోసం కష్టపడినవాళ్లకు మా దండాలు.

అయితే బంధువు అనే మాటకు మా వైపు ఒక లెక్క ఉంది. పెళ్లి రోజున వచ్చి అక్షింతలు వేసి, భోంచేసి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. బంధువంటే రాట వేసిన నాటి నుంచి అప్పగింతల దాకా ఇంట్లోనే ఉండి, గ్యాస్ అయిపోతే సిలిండర్ తెచ్చి పెట్టేవాళ్లు. ఎగుమతుల దారిలో అలాంటి బంధువు మాకు ఇంతవరకు కనబడలేదు.

ఆ ఒక్క పార్శిల్ సంగతి లెక్కలతో సహా చెబుతాను. లెక్క చూస్తేనే మా బాధ తెలుస్తుంది.

జర్మనీలో ఇంటి అలంకరణ సామాను అమ్మే చిన్న దుకాణం ఆవిడ మా ఫొటోలు చూసి మెసేజ్ పెట్టింది. టేబుల్ రన్నర్లు (బల్ల మీద పొడుగ్గా పరిచే గుడ్డలు), కుషన్ కవర్లు కలిపి మన లెక్కలో 2 లక్షల 60 వేల రూపాయల ఆర్డరు. ఆ రోజు మా గదిలో పండగే. దారం, కూలీ కలిపి లక్షా 70 వేలు అవుతుంది. కొరియర్ వాళ్లకు బరువు ఉజ్జాయింపుగా చెప్పి అడిగితే 32 వేలు అన్నారు. అంటే 58 వేలు మిగలాలి.

రెండున్నర నెలలు అల్లారు మా వాళ్లు. ఎండాకాలం. తెల్ల దారం కదా, చేతికి చెమట పడితే చాలు, మరక తేలుతుంది. పక్కన నీళ్ల బకెట్, సబ్బు పెట్టుకుని మాటిమాటికీ చేతులు కడుక్కుంటూ, తుడుచుకుంటూ అల్లారు. అయిన ప్రతి ముక్కనూ ఉతికి, గంజి పెట్టి, బల్ల మీద దుప్పటి పరిచి గుండుసూదులతో అంచులు సాగదీసి ఆరబెట్టాం. ఒక్క పువ్వు వంకర పోయినా విప్పి మళ్లీ అల్లించాను. సరుకులో ఎవరూ వంక పెట్టలేదు. ఆ మాట గర్వంగానే చెబుతాను.

సర్దడంలోనే మొదటి దెబ్బ. ముడతలు పడకూడదని 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉన్న ఆరు అట్టపెట్టెల్లో వదులుగా సర్దాం. ఒక్కో పెట్టె 11 కిలోలు తూగింది. కొరియర్ కుర్రాడు వచ్చి టేపు పెట్టి కొలిచాడు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5,000తో భాగిస్తే 19.2 వస్తుంది. దాన్ని అరకిలో లెక్కన పైకి సవరిస్తే పెట్టెకు 19.5 కిలోలు. అసలు బరువు, ఈ కొలత బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలట. వాల్యూమెట్రిక్ వెయిట్ అనే మాట ఆ రోజే మొదటిసారి విన్నాను. 66 కిలోల సరుకుకు 117 కిలోల చార్జీ పడింది. 32 వేలు అనుకున్నది 55 వేలయింది. గంజి పెట్టిన రన్నర్లను చుట్టలుగా చుట్టి చిన్న పెట్టెల్లో బిగించి పెట్టవచ్చని, ముడత పడదని తర్వాత ఎవరో చెప్పారు.

సరే, ఇంకా 35 వేలు మిగులుతాయిలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. పెద్ద దెబ్బ ఆ తర్వాత తగిలింది. బేరం మాట్లాడేటప్పుడే ఆవిడ "ధర డీడీపీయేనా?" అని అడిగింది. ఇంటిదాకా చేర్చడం కాబోలు అనుకుని అవునన్నాను. ఇన్వాయిస్ మీద ఆ మూడక్షరాలు నా చేత్తోనే రాశాను. డీడీపీ అంటే సరుకు చేర్చడంతో పాటు, ఆ దేశంలో కట్టాల్సిన దిగుమతి సుంకం, పన్ను కూడా అమ్మినవాళ్లే భరించడం. అక్కడి సుంకం, దాని పైన 19 శాతం వ్యాట్, కొరియర్ సంస్థ సర్వీసు చార్జీ అన్నీ కలిపి 90 వేల రూపాయల బిల్లు నా పేరున వచ్చింది. ఆవిడ తప్పేమీ లేదు. అడిగింది, నేను ఒప్పుకున్నాను. దిగుమతిదారుగా ఆవిడ పేరే ఉండి ఉంటే ఆ వ్యాట్‌ను తన పన్ను లెక్కల్లో తిరిగి రాబట్టుకునేది. ఆ దేశంలో రిజిస్ట్రేషన్ లేని నాకు అది పోయిన డబ్బే.

58 వేలు మిగలాల్సిన చోట 55 వేలు చేతి నుంచి పోయాయి. కూలీ ఆపలేను కదా. తక్కువకు చీటీ పాడి, వచ్చిన డబ్బుతో అందరికీ ఇచ్చేశాను. ఆ వాయిదాలు ఇరవై నెలలు కట్టాను.

తెలిసిన మనిషి ఎవరైనా ఆ ధర కాగితం ఒక్కసారి చూసి ఉంటే ఈ రెండు తప్పులూ అరగంటలో దొరికేవి. ఆ అరగంట మాకు ఇచ్చేవాళ్లు లేకపోయారు. నా బాధంతా అదే, నేను అడిగేదీ అదే.

నష్టం నా ఒక్కదానితో ఆగలేదు. ఆ ఆర్డరుకు నేను ఒక డాయిలీ (గిన్నెల కింద పరిచే చిన్న లేసు గుడ్డ) సైజు పనికి 60 రూపాయలు ఇవ్వగలిగాను. నేను ఆపేశాక మా వాళ్లలో సగం మంది మళ్లీ ఏజెంటు పనికి వెళ్లారు. అక్కడ అదే పనికి 35 ఇస్తున్నారు. మాతో అల్లే ఒకావిడ ఆ పెరిగిన కూలీ చూసుకునే కూతుర్ని భీమవరంలో డిగ్రీలో చేర్పించింది. మరుసటి ఏడాది ఫీజు కట్టలేక నా దగ్గరికి వచ్చి, అడగలేక అడగలేక అడిగింది. నా దగ్గరా లేవు. ఎగుమతి అంటే డాలర్ల లెక్కలు, బిలియన్ల లక్ష్యాలు అని పేపర్లో చదువుతుంటాం. మా వీధిలో ఎగుమతి అంటే ఆ 60కి, 35కి మధ్య ఉన్న 25 రూపాయలు.

అందుకని మా మనవులు ఇలా వరసగా రాస్తున్నాను.

1. సదస్సు చాలదు, ఒక మనిషి కావాలి. నేను రెండు అవగాహన సదస్సులకు వెళ్లాను. సంచి ఇచ్చారు, పుస్తకం ఇచ్చారు, మంచి భోజనం పెట్టారు. మాట్లాడినవాళ్లు తెలిసినవాళ్లే. కానీ మూడు గంటల్లో ఐఈసీ (ఎగుమతి చేయడానికి తీసుకోవాల్సిన కోడ్) నుంచి డ్రాబ్యాక్ (కట్టిన సుంకం తిరిగి ఇవ్వడం) దాకా అన్నీ ఇంగ్లిష్ స్లైడ్ల మీద చెప్పేసి వెళ్లారు. మాకు ప్రశ్నలు వచ్చేది సదస్సులో కూర్చున్నప్పుడు కాదండి. కొనేవాళ్లు మెసేజ్ పెట్టి, రేపటిలోగా ధర చెప్పమన్న రాత్రి వస్తాయి. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? కొత్తగా ఐఈసీ తీసుకున్న ప్రతి చిన్న యూనిట్‌కూ పేరు, ఫోన్ నంబరుతో ఒక మెంటర్‌ను కేటాయించండి. మొదటి మూడు షిప్‌మెంట్ల డబ్బు బ్యాంకులో పడేదాకా ఆ మనిషి మాతో ఉండాలి. ఇందుకు పెద్ద పెద్ద నిపుణులు అక్కర్లేదు. రిటైరైన కస్టమ్స్ ఉద్యోగులు, బ్యాంకుల్లో విదేశీ మారకం చూసి రిటైరైనవాళ్లు, ఎగుమతి సంస్థల్లో డాక్యుమెంట్ల పని చేసినవాళ్లు విశాఖలో, విజయవాడలో, హైదరాబాద్‌లో ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు గౌరవ వేతనం ఇవ్వండి. ఒక్కొక్కరికి పదిహేను, ఇరవై యూనిట్లు అప్పగించండి. హోటల్ హాలు అద్దె డబ్బుతోనే ఈ పని చాలావరకు జరుగుతుందని నా నమ్మకం.

2. ధర చెప్పకముందే చూసిపెట్టండి. నాకు తగిలిన దెబ్బ ఇక్కడే, కాబట్టి దీన్ని గట్టిగా అడుగుతున్నాను. ఒకసారి ధర చెప్పి ఒప్పుకున్నాక ఎంత తెలివైనవాళ్లయినా చేసేదేమీ ఉండదు. వారానికి రెండు రోజులు, సాయంత్రం పూట, ఫోన్లోనే చాలు, కొత్తవాళ్లు తమ కొటేషన్ చూపించుకునే ఏర్పాటు చేయండి. సరుకు ధర, ప్యాకింగ్, కొలత బరువు, రవాణా, బీమా, అక్కడి సుంకం, బ్యాంకు చార్జీలు, రూపాయి మారకంలో తేడా, ఇలా వరసగా గళ్లు గీసిన ఒక కాగితం తెలుగులో తయారు చేయించి ఇవ్వండి. ఎక్స్ వర్క్స్ అంటే మా గుమ్మం దగ్గర సరుకు అప్పగించడం. ఎఫ్ఓబీ అంటే మన రేవులో ఓడ ఎక్కించేదాకా మా ఖర్చు. సీఐఎఫ్ అంటే అవతలి రేవుదాకా రవాణా, బీమా కూడా మావే. డీడీపీ అంటే అక్కడి పన్నులతో సహా అన్నీ మావే. ఇంతే కదా. నాకు ఇది అర్థం కావడానికి 90 వేలు ఖర్చయింది. ఇంకొకరికి ఒక కాగితంతో అర్థం కావాలి.

3. చిన్న ఊళ్ల బ్యాంకు బ్రాంచిల సంగతి చూడండి. జర్మనీ నుంచి అడ్వాన్సు వచ్చినప్పుడు ఆ డబ్బు పదకొండు రోజులు నా ఖాతాలో పడలేదు. వెళ్లి అడిగితే "విదేశాల్లో మీవాళ్లు ఎవరైనా పంపారా?" అన్నారు. గోదావరి జిల్లాల్లో గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి ఇళ్లకు డబ్బు రావడం మామూలే కాబట్టి ఆ ప్రశ్నలో ఆయన తప్పు లేదు. కానీ చివరికి దాన్ని కుటుంబ ఖర్చులకు వచ్చిన డబ్బుగానే నమోదు చేశారు. విదేశం నుంచి వచ్చే ప్రతి చెల్లింపుకూ ఎందుకు వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ ఉంటుంది. అది తప్పు పడితే ఆ డబ్బు ఎగుమతి ఆదాయంగా లెక్కకు రాదు. అది లెక్కకు రాకపోతే ఈ-బీఆర్సీ, అంటే ఎగుమతి డబ్బు బ్యాంకులో పడిందని చెప్పే ధ్రువపత్రం, రాదు. ఈ-బీఆర్సీ లేకపోతే సరుకు పంపాం గానీ డబ్బు రానట్టు రికార్డుల్లో నిలిచిపోతుంది, ప్రోత్సాహకాలూ అందవు. ఆ కోడ్ మార్పించడానికి నేను నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ ఒక రోజు పని పోయింది. నరసాపురం, పాలకొల్లు లాంటి ప్రతి ఊళ్లో కనీసం ఒక బ్రాంచిలో ఈ పని తెలిసిన ఒక ఉద్యోగి ఉండాలి. ఆ పేరు గోడ మీద రాసి పెట్టాలి. ఒకరు బదిలీ అయితే తర్వాత వచ్చినవాళ్లకు నేర్పించాలి. కొన్నవాళ్లు ఎగుమతి డబ్బు ఎగ్గొట్టినప్పుడు ఆదుకోవడానికి 1957లో పెట్టిన ఈసీజీసీ అనే ప్రభుత్వ సంస్థ ఉందని, చిన్నవాళ్లకూ పాలసీలు ఇస్తుందని ఖాతా తెరిచిన రోజే చెప్పాలి. మాకు ఎవరూ చెప్పలేదు.

4. గడువు దాటకముందే గుర్తుచేయండి. ఐఈసీ వివరాలను ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఆన్‌లైన్లో సరిచూసుకోవాలి. ఏ మార్పూ లేకపోయినా లేదని చెప్పాలి. చెప్పకపోతే కోడ్ పనిచేయదు. ఆ నెలల్లో చేస్తే పైసా ఖర్చు లేదు. అలాగే జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే ఎల్‌యూటీ అనే హామీ పత్రాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా వేయాలి. మా పక్క మండలంలో కొబ్బరి పీచుతో తాళ్లు, పట్టాలు చేసే ఒక తమ్ముడికి సరుకు రేవుకు చేరాక తెలిసింది, తన ఐఈసీ ఆగిపోయిందని. మళ్లీ పనిచేయించి, ఓడలో చోటు దొరికేసరికి రెండు వారాలు పట్టింది. గోడౌన్ అద్దె కట్టాడు. ఆలస్యమైందని కొన్నవాళ్లు ధర తగ్గించారు. పన్నెండు మందికి ఆ రెండు వారాల కూలీ ఆలస్యమైంది. కరెంటు బిల్లుకు మెసేజ్ వస్తుంది, గ్యాస్ బుకింగ్‌కు వస్తుంది. దీనికీ తెలుగులో ఒక మెసేజ్ పంపండి. మార్చిలో ఒకటి, మేలో ఒకటి. ఇది ఈ లేఖలో అన్నిటికన్నా తేలికైన కోరిక.

5. అసలు ఫీజు ఎంతో అందరికీ కనబడేలా రాయండి. ఐఈసీకి ప్రభుత్వం తీసుకునేది 500 రూపాయలు. నా దగ్గర ఒక కన్సల్టెంటు అన్నీ కలిపి అని చెప్పి 18 వేలు తీసుకున్నాడు. ఇచ్చింది ఐఈసీ ఒక్కటే. ఎగుమతి మండలి సభ్యత్వం ఏ సరుకుకు ఎక్కడ తీసుకోవాలి, మాలాంటి హస్తకళలకు ఏది, మిరపపొడికి ఏది, మామిడిపండుకు ఏది, దేనికి ఎంత ఫీజు, ఈ పట్టికను జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సచివాలయాల్లో, పోస్టాఫీసుల్లో తెలుగులో పెద్ద అక్షరాలతో పెట్టించండి. నిజాయితీగా పనిచేసే కన్సల్టెంట్లు ఉన్నారు, వాళ్లకు వాళ్ల ఫీజు దక్కాల్సిందే. ఎంత ప్రభుత్వానికి, ఎంత తమకు అన్నది రసీదులో విడిగా రాసి ఇవ్వాలనే నియమం పెడితే చాలు.

6. బయటి ప్రపంచం మారినప్పుడు ముందు మాకు చెప్పండి. తపాలా శాఖ పోస్టాఫీసు నుంచే విదేశాలకు సరుకు పంపుకునేలా వెయ్యికి పైగా డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టింది. ఒక చీర, నాలుగు డాయిలీలు పంపే చిన్నవాళ్లకు అది నిజంగా ఉపకారం. మా ఊళ్లో ఇద్దరు అమ్మాయిలు అలా అమెరికాలోని తెలుగువాళ్ల ఇళ్లకు పంపుతూ ఉండేవాళ్లు. 2025 ఆగస్టు చివర్లో అమెరికా 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. మన పోస్టాఫీసులు అక్కడికి వెళ్లే పార్శిళ్లను తీసుకోవడం ఆపేశాయి. మళ్లీ తీసుకున్నది అక్టోబరు మధ్యలో. ఆ ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటి మీద అక్కడి సుంకం కూడా 50 శాతానికి చేరింది. దసరా, దీపావళి కోసం అల్లిన సరుకంతా వాళ్ల ఇళ్లలో బీరువాల మీద సంచుల్లో ఉండిపోయింది. పోస్టాఫీసు కౌంటర్లో "తీసుకోవడం లేదమ్మా" అన్నాకే వాళ్లకు సంగతి తెలిసింది. నెల ముందు ఎవరైనా చెప్పి ఉంటే అల్లడం ఆపేవాళ్లు, లేదా వేరే దేశం చూసుకునేవాళ్లు. వేరే దేశాలు లేక కాదు. యూఏఈతోనూ, ఆస్ట్రేలియాతోనూ సుంకంలో రాయితీ ఇచ్చే మన వాణిజ్య ఒప్పందాలు 2022లోనే అమల్లోకి వచ్చాయి. ఆ రాయితీ కావాలంటే సరుకు మన దేశంలోనే తయారైందని చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్ తీసుకుని సరుకుతో పాటు పంపాలి. మా వీధిలో ఆ కాగితాన్ని చూసినవాళ్లు ఒక్కరు కూడా లేరు. ఢిల్లీలో సంతకం పెట్టిన ఒప్పందం నరసాపురం దాకా రావడానికి మధ్యలో ఒక మనిషి ఉండాలి.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొరియర్‌లో పంపే సరుకును శాంపిల్ అనో, బహుమతి అనో రాయించి పంపేస్తే పని తొందరగా అవుతుందని కొందరు సలహా ఇస్తారు. అలా పంపింది ఎగుమతిగా లెక్కకు రాదు. అమ్మే సరుకు సీఎస్‌బీ-5 అనే కొరియర్ ఎగుమతి బిల్లు కింద వెళ్లాలి. తెలియక తప్పు చేసిన ఆడవాళ్లు తర్వాత ఎవరికీ జవాబు చెప్పుకోలేక టెన్షన్ పడుతున్నారు. ముందే చెప్పేవాళ్లుంటే ఈ అవస్థ ఉండదు.

7. పెద్ద ఎగుమతిదారులకు ఒక మాట. మీరు పైకి వచ్చింది మా అమ్మల చేతి పనితో. ఆ మాట మీ ఇళ్లలో పెద్దవాళ్లే చెబుతుంటారు. మేం నేరుగా పంపడం మొదలుపెడితే మీకు పోటీ అవుతామని అనుమానం ఉండొచ్చు. కంటైనర్లు నింపే ఆర్డర్లు మా వల్ల కావు. మేం చేసేది యాభై, వంద ముక్కల ఆర్డర్లు, మీకు గిట్టుబాటు కానివి. నెలకు ఒక్క శనివారం పూట కొత్తవాళ్లకు మీ ఆఫీసు తలుపు తెరవండి. మీ దగ్గర పాత షిప్పింగ్ బిల్లులు, పాత ఇన్వాయిస్‌లు ఉంటాయి. పేర్లు కొట్టేసి అవి చూపిస్తే చాలు, పుస్తకాల్లో దొరకనిది వాటిలో దొరుకుతుంది. విదేశాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లకు కూడా ఇదే మనవి. కొనమని అడగడం లేదు. మేం ఫోటో పంపినప్పుడు అక్కడి దుకాణంలో అలాంటిది ఎంతకు అమ్ముతున్నారో, లేబుల్ మీద ఏం రాస్తున్నారో చూసి చెప్పండి.

8. లెక్క మార్చండి. ఎన్ని సదస్సులు పెట్టారు, ఎంతమంది వచ్చారు, ఎన్ని ఐఈసీలు ఇచ్చారు అనే లెక్కలు మీ నివేదికల్లో ఉంటాయి. ఆ లెక్కలో నేను విజయం కిందికే వస్తాను. ఐఈసీ ఉంది, సదస్సుకు వెళ్లాను, ఎగుమతి కూడా చేశాను. నేను ఆగిపోయిన సంగతి ఏ గడిలోనూ లేదు. మొదటిసారి పంపినవాళ్లలో రెండోసారి పంపినవాళ్లు ఎంతమంది, ఈ ఒక్క సంఖ్యను జిల్లాలవారీగా ఏటా ప్రకటించండి. సరుకు పంపిన ప్రతి బిల్లూ మీ కంప్యూటర్లలోనే ఉంటుంది కాబట్టి ఇది తీయడం కష్టం కాదనుకుంటాను. రెండోసారి పంపనివాళ్లకు ఫోన్ చేసి ఎందుకు ఆగారో అడగండి. ఏ పథకం ఎక్కడ తెగిందో వాళ్లే చెబుతారు.

ఈ ఎనిమిదిలో ఏది మీ పరిధిలోకి వస్తుందో, ఏది రాదో కూడా మాకు తెలియదు. ఒకరు ఇంకొకరి వైపు చూపించకుండా, జిల్లా ఎగుమతుల కమిటీ వచ్చే సమావేశానికి మా ప్రాంతం నుంచి ఐదుగురు చిన్న ఎగుమతిదారులను పిలవండి. లేసు నుంచి ఇద్దరం, కొబ్బరి పీచు నుంచి ఒకరు, తినుబండారాలు చేసేవాళ్ల నుంచి ఇద్దరు వస్తాం. భీమవరం మాకు దూరం కాదు, మా ఖర్చులతోనే వస్తాం. వచ్చేటప్పుడు పోయిన డబ్బుల కాగితాలు కూడా తెస్తాం. రెండు నెలల్లోగా ఆ పిలుపు వస్తుందని ఎదురుచూస్తున్నాం. రాకపోతే ఇదే లేఖను మా ఊళ్లలో సంతకాలతో కలెక్టర్ గారికి, మా ఎంపీ గారికి ఇస్తాం.

పోయిన వారం ఆస్ట్రేలియా నుంచి ఒకావిడ 80 డాయిలీలు, 20 కుషన్ కవర్లు కావాలని అడిగింది. డిజైన్ నచ్చింది, ధర పంపమంది. ఈసారి పెట్టె కొలతలు రాశాను, ఎఫ్ఓబీ ధర వేరుగా, అక్కడిదాకా చేర్చే ధర వేరుగా రాశాను. సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్ గడి దగ్గర ఆగిపోయాను. కాగితం మా గదిలో బల్ల మీద, దారం ఉండ కింద పెట్టి ఉంది. ఆవిడ ఈ నెలాఖరు దాకా ఆగుతానంది. దీన్ని ఎవరికి చూపించాలో చెప్పండి.

ఇట్లు,
నరసాపురం ప్రాంతం నుంచి ఒక లేసు అల్లికల యూనిట్ నిర్వాహకురాలు, ఆమెతో అల్లుతున్న 28 మంది